ఫైల్ సింక్: కెర్నెల్ నుంచి డిస్కు దాకా

నిర్వచనం

ప్రోగ్రామ్ రాసిన సమాచారం మొదట ర్యామ్‌లోనే ఉంటుంది. దాన్ని కరెంటు పోయినా చెరిగిపోని నిల్వలోకి, అంటే హార్డ్ డిస్కులోకో ఎస్‌ఎస్‌డీలోకో ఫోన్‌లోని ఫ్లాష్ చిప్‌లోకో, చేర్చడానికి ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ నడిపే ప్రక్రియను ఫైల్ సింక్ అంటారు. యూనిక్స్ సంతతి వ్యవస్థల్లో ఈ పని చేయించుకోవడానికి ప్రోగ్రాములు వాడే ప్రధానమైన సిస్టమ్ కాల్ ఎఫ్‌సింక్. విండోస్‌లో దానికి సాటి ఫ్లష్‌ఫైల్‌బఫర్స్.

రైట్ అనే కాల్ సఫలమైందంటే సమాచారం కెర్నెల్ చేతికి అందిందని మాత్రమే అర్థం. డిస్కు మీద పడిందన్న హామీ అందులో లేదు. ఆ హామీ కావాలంటే విడిగా అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. ఈ రెండింటి మధ్య ఎడాన్ని అప్లికేషన్లు రాసేవారు ఒకలా, కెర్నెల్ రాసేవారు ఒకలా, డిస్కు తయారీదారులు మరోలా అర్థం చేసుకుంటూ వచ్చారు. ఈ రంగంలో వచ్చిన పెద్ద వివాదాలన్నీ అక్కడ పుట్టినవే.

నేపథ్యం: పేజీ క్యాష్, డర్టీ పేజీలు

రైట్ కాల్ అందగానే కెర్నెల్ ఆ బైట్లను పేజీ క్యాష్‌లోకి నకలు చేసుకుని వెంటనే జవాబిస్తుంది. పేజీ అంటే చాలా యంత్రాల్లో 4,096 బైట్ల ముక్క. ర్యామ్‌లో మారి, డిస్కు మీద ఇంకా మారని పేజీని డర్టీ పేజీ అంటారు. దాన్ని తీరిగ్గా డిస్కుకు పంపే పని రైట్‌బ్యాక్.

ఇలా ఆలస్యం చేయడం వల్ల లాభాలు చాలా ఉన్నాయి. ఒకే పేజీని వందసార్లు మార్చినా డిస్కుకు ఒక్కసారి రాస్తే సరిపోతుంది. పక్కపక్క బ్లాకులను కలిపి ఒకే పెద్ద రాతగా పంపవచ్చు. కంపైలర్ సృష్టించి క్షణాల్లో చెరిపేసే తాత్కాలిక ఫైళ్ల వంటివి అసలు డిస్కు ముఖమే చూడవు.

లినక్స్ కెర్నెల్ డిఫాల్ట్ అమరికలో ఫ్లషర్ థ్రెడ్లు 5 సెకన్లకోసారి మేలుకుని, డర్టీ అయి 30 సెకన్లు దాటిన పేజీలను రాస్తాయి. అందుబాటులో ఉన్న మెమరీలో 10 శాతం డర్టీ అయితే వయసుతో పని లేకుండా నేపథ్యంలో రాత మొదలవుతుంది. 20 శాతానికి చేరితే, రాస్తున్న ప్రోగ్రాముకే కళ్లెం పడుతుంది. పెన్‌డ్రైవ్‌లోకి పెద్ద సినిమా కాపీ చేస్తుంటే తొలి భాగం రివ్వున పోయి, ఆఖర్న బార్ కదలకుండా నిలబడిపోవడానికి తరచు కారణం ఇదే: మొదట నిండింది ర్యామ్, పెన్‌డ్రైవ్ కాదు.

చరిత్ర

తొలినాటి యూనిక్స్‌లో ఒక్కో ఫైలుకు విడిగా సింక్ లేదు. వ్యవస్థ మొత్తానికి సింక్ అనే ఒకే కాల్ ఉండేది. 1979 నాటి ఏడో ఎడిషన్‌లో అప్‌డేట్ అనే చిన్న ప్రోగ్రాము నేపథ్యంలో ఉండి ప్రతి 30 సెకన్లకు దాన్ని పిలిచేది. ఆ కాల్ రాతను వరసలో పెట్టి వెనక్కి వచ్చేసేది, పూర్తయ్యేదాకా ఆగేది కాదు. యంత్రాన్ని ఆపే ముందు సింక్ అని మూడుసార్లు టైపు చేయాలన్న అలవాటు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లలో అలా పాతుకుపోయింది. మూడో సింక్‌లో మహిమేమీ లేదు. మూడు పంక్తులు టైపు చేసే సేపటికి మొదటి సింక్ మొదలుపెట్టిన రాతలు పూర్తవుతాయని ఆశ. లినక్స్‌లో సింక్ రాత ముగిసేదాకా ఆగుతుంది కాబట్టి అక్కడ ఒకసారి చాలు. అయినా అలవాటు ఇంకా పోలేదు.

ఒక్క ఫైలును మాత్రమే సింక్ చేసే ఎఫ్‌సింక్ 1983లో 4.2బీఎస్‌డీతో వచ్చింది. యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి నియమావళి పోసిక్స్‌లో 1993 నాటి రియల్‌టైమ్ ప్రమాణం ఎఫ్‌డేటాసింక్‌నూ, ప్రతి రాతనూ సింక్‌గా మార్చే ఓ_డీసింక్ ఫ్లాగ్‌నూ చేర్చింది. ఎఫ్‌సింక్ విషయంలో పోసిక్స్ ప్రమాణం అనుకున్నంత గట్టిది కాదు. సింక్రొనైజ్డ్ ఐఓ అనే ఐచ్ఛిక భాగాన్ని అమలు చేయని వ్యవస్థలో ఎఫ్‌సింక్ ఏమీ చేయకుండా ఊరుకున్నా తప్పు కాదని దాని వివరణ భాగమే ఒప్పుకుంటుంది. హామీ ఎంతవరకో ఆ వ్యవస్థ తన పత్రాల్లో చెప్పాలని మాత్రమే అడుగుతుంది.

లినక్స్‌లోనూ సవరణలు నిదానంగా వచ్చాయి. 2010లో వెలువడిన 2.6.33కు ముందు ఓ_సింక్ (ఎఫ్‌సింక్ స్థాయి హామీ) అని అడిగినా దక్కేది ఓ_డీసింక్ (ఎఫ్‌డేటాసింక్ స్థాయి) హామీయే. రైట్‌బ్యాక్ పనిని తొలుత బీడీఫ్లష్, తర్వాత పీడీఫ్లష్ చూసేవి. 2009 చివర్లో 2.6.32 నుంచి ప్రతి నిల్వ పరికరానికీ విడిగా ఫ్లషర్ థ్రెడ్లు వచ్చాయి.

సింక్ కాల్స్: రకాలు

సింక్ మొత్తం వ్యవస్థకు, సింక్‌ఎఫ్‌ఎస్ ఒక్క ఫైల్ సిస్టముకు, ఎఫ్‌సింక్ ఒక్క ఫైలుకు. మెమరీలోకి మ్యాప్ చేసుకున్న ఫైళ్లకు ఎమ్‌సింక్ ఉంది. ఓ_సింక్, ఓ_డీసింక్ ఫ్లాగులతో తెరిచిన ఫైలులో ప్రతి రైట్ కాల్ తనంతట తానే సింక్ అవుతుంది.

ఎఫ్‌సింక్‌కూ ఎఫ్‌డేటాసింక్‌కూ తేడా మెటాడేటా, అంటే ఫైలు గురించిన సమాచారం, దగ్గర వస్తుంది. ఫైలును చివరిసారి ఎప్పుడు మార్చారన్న సమయం లేకపోయినా డేటా చదవవచ్చు, కనుక ఎఫ్‌డేటాసింక్ దాన్ని వదిలేస్తుంది. ఫైలు పొడవు మారితే మాత్రం వదలదు; పొడవు తెలియకపోతే కొత్తగా చేరిన బైట్లు కనిపించవు. అందుకే అనేక డేటాబేసులు తమ లాగ్ ఫైళ్లకు ముందే పూర్తి పరిమాణం కేటాయించి సున్నాలతో నింపి ఉంచుతాయి. ఆ తర్వాత పొడవు మారదు, మెటాడేటా రాత తప్పుతుంది, సింక్ త్వరగా ముగుస్తుంది.

లినక్స్‌లో మాత్రమే ఉన్న సింక్_ఫైల్_రేంజ్ పేరు చూసి మోసపోయినవారున్నారు. అది డర్టీ పేజీలను పరికరానికి పంపుతుంది కానీ మెటాడేటాను ముట్టుకోదు, పరికరం లోపలి క్యాష్‌ను ఖాళీ చేయించదు. రాతల వేగాన్ని అదుపు చేయడానికి అది పనికొస్తుంది, భద్రతకు కాదు.

డైరెక్టరీ సంగతి మరింత సూక్ష్మం. కొత్త ఫైలును సృష్టించి ఎఫ్‌సింక్ చేస్తే దాని లోపలి సమాచారం భద్రం. ఆ ఫైలు పేరు ఉండేది డైరెక్టరీలో. ఆ పేరు కూడా డిస్కుకు చేరిందన్న హామీ కావాలంటే డైరెక్టరీని తెరిచి దాన్నీ ఎఫ్‌సింక్ చేయాలని లినక్స్ మాన్యువల్ పేజీ చెబుతుంది. ఉన్న ఫైలును సురక్షితంగా మార్చే పద్ధతి దీనిమీదే నిలబడింది: కొత్త ప్రతిని తాత్కాలిక పేరుతో రాయాలి, దాన్ని ఎఫ్‌సింక్ చేయాలి, అసలు పేరుకు రీనేమ్ చేయాలి, చివర డైరెక్టరీని ఎఫ్‌సింక్ చేయాలి. ఇందులో ఏ మెట్టు దాటేసినా ఎక్కువ రోజులు ఏమీ కాదు. అయిననాడు ఫైలే ఉండకపోవచ్చు.

పనితీరు: ఎఫ్‌సింక్ లోపల

లినక్స్‌లో ఎఫ్‌సింక్ పిలుపు మొదట వీఎఫ్‌ఎస్ అనే ఉమ్మడి పొరకు చేరుతుంది. ఆ పొర స్వయంగా చేసేది తక్కువ; ఆ ఫైలు ఏ ఫైల్ సిస్టమ్‌లో ఉంటే దాని ఎఫ్‌సింక్ ఫంక్షన్‌కు పని అప్పగిస్తుంది. అక్కడ ముందుగా ఆ ఫైలు తాలూకు డర్టీ పేజీలన్నీ పరికరానికి బయల్దేరతాయి. అవన్నీ పూర్తయ్యాయన్న కబురు వచ్చేదాకా కెర్నెల్ ఆగుతుంది. తర్వాత మెటాడేటా వంతు: ఫైలు వివరాలుండే ఐనోడ్, బ్లాకులు ఎక్కడున్నాయో చెప్పే పట్టికలు. చివరగా పరికరానికి ఫ్లష్ ఆదేశం వెళ్తుంది, నీ లోపలి క్యాష్‌లో ఉన్నదంతా శాశ్వత మాధ్యమం మీదికి దించమని.

మెటాడేటా దశలో జర్నల్ ప్రవేశిస్తుంది. వర్తకులు ఏ రోజు లావాదేవీ ఆ రోజు చిట్టాలో వరుసగా రాసుకుని తీరిక దొరికినప్పుడు ఆవర్జాలోని ఖాతాలకు ఎక్కించినట్టే, జర్నలింగ్ ఫైల్ సిస్టమ్ మార్పులను ముందు జర్నల్‌లో వరుసగా రాసి, తర్వాత వాటి అసలు స్థానాలకు చేరుస్తుంది. మధ్యలో కరెంటు పోతే జర్నల్ చదివి మిగిలిన పని పూర్తి చేస్తుంది.

ఈఎక్స్‌టీ4లో ప్రతి ఐనోడ్ తనను చివరిసారి మార్చిన లావాదేవీ సంఖ్యను గుర్తుపెట్టుకుంటుంది. ఎఫ్‌సింక్ వచ్చేసరికే ఆ లావాదేవీ జర్నల్‌లో ముగిసి ఉంటే కొత్తగా కమిట్ చేయనక్కర్లేదు. లేకపోతే నడుస్తున్న లావాదేవీని ముగించమని జర్నల్ థ్రెడ్‌ను లేపుతుంది. అది మారిన మెటాడేటా బ్లాకులను జర్నల్‌లో రాసి, ఆఖర్న కమిట్ బ్లాకు రాస్తుంది. కమిట్ బ్లాకు లేని లావాదేవీని పునరుద్ధరణ సమయంలో లెక్కలోకి తీసుకోరు. కాబట్టి కమిట్ బ్లాకు మిగతావాటికంటే ముందు మాధ్యమం మీద పడకూడదు. ఈ వరుసను కాపాడడానికి దానికి ముందు ఒక ఫ్లష్ వెళ్తుంది. కమిట్ బ్లాకు మాత్రం ఎఫ్‌యూఏ గుర్తుతో, అంటే క్యాష్‌లో ఆగకుండా నేరుగా మాధ్యమం మీదికే వెళ్లాలన్న షరతుతో రాయబడుతుంది. ఒకే సమయంలో పది ప్రోగ్రాములు ఎఫ్‌సింక్ అడిగితే పదీ ఒకే కమిట్‌ మీద గట్టెక్కవచ్చు.

వరుసను కాపాడడానికి లినక్స్ పూర్వం బారియర్ అనే ఏర్పాటు వాడేది. అది పరికరం ముందున్న క్యూ మొత్తాన్నీ ఆపేసేది. 2.6.37 కెర్నెల్‌కు తేజున్ హియో దాన్ని తీసేసి ఫ్లష్, ఎఫ్‌యూఏ పద్ధతి తెచ్చారు. వరుస చూసుకునే బాధ్యత అప్పటి నుంచి ఫైల్ సిస్టమ్‌దే అయింది.

ఫైల్ సిస్టముల వారీగా

జర్నలింగ్ లినక్స్‌కు ఒకప్పుడు కొత్త కావచ్చు కానీ యూనిక్స్ ప్రపంచానికి కాదు. ఐబీఎం ఏఐఎక్స్‌లో జేఎఫ్‌ఎస్ 1990లోనే ఉంది. లినక్స్‌కు జర్నలింగ్‌ను స్టీఫెన్ ట్వీడీ 1998లో ప్రతిపాదించారు. ఆ పని నుంచి వచ్చిన ఈఎక్స్‌టీ3 2001 నవంబరులో 2.4.15తో ప్రధాన కెర్నెల్‌లో చేరింది. ఇందులో మూడు పద్ధతులున్నాయి. జర్నల్ పద్ధతిలో డేటా కూడా జర్నల్‌లోకి వెళ్తుంది. ఆర్డర్డ్ పద్ధతిలో మెటాడేటా కమిట్ కాకముందే దాని తాలూకు డేటా డిస్కుకు చేరుతుంది. రైట్‌బ్యాక్ పద్ధతిలో ఆ క్రమం ఉండదు. ఆర్డర్డ్ డిఫాల్ట్, 5 సెకన్లకోసారి కమిట్.

ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను సిలికాన్ గ్రాఫిక్స్ 1990ల మొదట్లో తన ఐరిక్స్ కోసం తయారుచేసింది. ఎఫ్‌సింక్ వస్తే అది ఆ ఐనోడ్ తాలూకు చివరి లాగ్ స్థానం వరకు లాగ్‌ను బలవంతంగా డిస్కుకు నెడుతుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ దారి వేరు. అవి పాత బ్లాకు మీద రాయవు, ప్రతి మార్పునూ కొత్త చోట రాసి చివరికి మూలాన్ని మారుస్తాయి. ప్రతి ఎఫ్‌సింక్‌కూ చెట్టు మొత్తాన్నీ అలా ముగించడం ఖరీదు. అందుకే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఎఫ్‌సింక్ అయిన ఫైళ్లకు ప్రత్యేక లాగ్ ట్రీ, జెడ్‌ఎఫ్‌ఎస్ ఇంటెంట్ లాగ్ ఉంచుకున్నాయి. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఆ లాగ్‌ను విడి వేగవంతమైన పరికరంలో పెట్టుకోవచ్చు. నిర్వాహకుడు కావాలంటే సింక్‌ను పూర్తిగా ఆపేసే వీలూ ఉంది, పర్యవసానాలు అతనివే.

శాంసంగ్ ఫ్లాష్ నిల్వ కోసం రూపొందించిన ఎఫ్2ఎఫ్‌ఎస్ 2013లో 3.8 కెర్నెల్‌తో వచ్చింది. ఎఫ్‌సింక్ అయిన ఫైలు డేటాతో పాటు దాని నోడ్ బ్లాకును మాత్రమే గుర్తు పెట్టి రాస్తుంది. క్రాష్ తర్వాత ఆ గుర్తులు వెతుక్కుంటూ ముందుకు నడిచి ఫైలును కోలుకునేలా చేస్తుంది. జర్నల్ లేకుండానే క్రమం కాపాడే సాఫ్ట్ అప్‌డేట్స్ పద్ధతిని గ్రెగరీ గాంగర్, యేల్ పాట్ 1994లో ప్రతిపాదించగా, బీఎస్‌డీలో మార్షల్ కిర్క్ మెక్యూసిక్ అమలుచేశారు.

వివాదం: ఈఎక్స్‌టీ3 అలవాట్లు, ఈఎక్స్‌టీ4 సున్నా ఫైళ్లు (2008–09)

ఈఎక్స్‌టీ3 ఆర్డర్డ్ పద్ధతికి అనుకోని దుష్ఫలితం ఒకటుంది. జర్నల్ లావాదేవీ అన్ని ఫైళ్లకూ ఉమ్మడిది కాబట్టి, ఒక చిన్న ఫైలును ఎఫ్‌సింక్ చేస్తే ఆ లావాదేవీలో ఉన్న ఇతర ఫైళ్ల డేటా కూడా డిస్కుకు వెళ్లాల్సిందే. పక్కన గిగాబైట్ల కొద్దీ కాపీ నడుస్తుంటే చిన్న ఎఫ్‌సింక్ సెకన్ల తరబడి ఆగిపోయేది. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 తన చరిత్రనూ బుక్‌మార్కులనూ ప్రతి మార్పుకూ ఎఫ్‌సింక్ పిలిచే ఎస్‌క్యూలైట్ డేటాబేసులో దాచడం మొదలుపెట్టినప్పుడు లినక్స్ వాడేవారికి ఇది అనుభవంలోకి వచ్చింది. పేజీ తెరిచినప్పుడల్లా బ్రౌజర్ బిగుసుకుపోతోందని ఫిర్యాదులు వెల్లువెత్తాయి.

అటు ఎఫ్‌సింక్ లేకపోయినా ఈఎక్స్‌టీ3లో పెద్దగా నష్టం జరిగేది కాదు. రీనేమ్ కమిట్ అయ్యే 5 సెకన్లలోపు డేటా కూడా తప్పక చేరేది. పిలిస్తే బాధ, పిలవకపోతే ఏమీ కాదు! డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసేవారు ఎఫ్‌సింక్ మానేయడం నేర్చుకున్నారు.

2008 డిసెంబరులో 2.6.28తో ఈఎక్స్‌టీ4 స్థిరమైనదిగా ప్రకటితమైంది. అందులో డిలేడ్ అలొకేషన్ ఉంది: డేటాకు డిస్కు మీద చోటు ఎక్కడో రైట్‌బ్యాక్ దాకా నిర్ణయించరు. చోటే ఖరారు కాని డేటాకు ఆర్డర్డ్ పద్ధతి వర్తించదు. రీనేమ్ జర్నల్‌లో ముందే కమిట్ అవుతుంది, డేటా అర నిమిషమో అంతకంటే ఎక్కువో ఆలస్యంగా వస్తుంది. 2009 మొదట్లో ఉబుంటు కొత్త విడుదలను పరీక్షిస్తున్నవారి యంత్రాలు క్రాష్ అయి తిరిగి లేచాక, కేడీఈ, గ్నోమ్ సెట్టింగుల ఫైళ్లు సున్నా బైట్లతో కనిపించాయి. పాతదీ లేదు, కొత్తదీ లేదు.

ఈఎక్స్‌టీ4 నిర్వాహకుడు థియడోర్ సో వాదన సూటిగా ఉంది: పోసిక్స్ ప్రకారం ఇది తప్పు కాదు, భద్రత కావాలనుకున్న ప్రోగ్రాము ఎఫ్‌సింక్ పిలవాలి. రీనేమ్ చేసేవాడు అడిగేది వెంటనే భద్రత కాదు, పాతదో కొత్తదో ఏదో ఒకటి పూర్తిగా ఉండాలని మాత్రమేనని, ఆ క్రమాన్ని అడగడానికి చౌకైన మార్గం యూనిక్స్ ఇవ్వలేదని అవతలి పక్షం అంది. రెండో వాదనలో బలం ఎక్కువ. క్రమానికీ శాశ్వతత్వానికీ ఒకటే కాల్ ఉండడం యూనిక్స్ ఇంటర్‌ఫేస్‌లోని లోటు, నేటికీ అది పూర్తిగా తీరలేదు. సో తన వాదన వదలకుండానే ప్యాచ్‌లు కూడా రాశారు. ఉన్న ఫైలు మీదికి రీనేమ్ చేసినా, ఖాళీ చేసి తిరగరాసి మూసినా డేటాకు వెంటనే చోటు కేటాయించే ఈ ఏర్పాటు 2.6.30లో చేరింది.

పరికరం లోపలి క్యాష్

కెర్నెల్ తన పని నిజాయితీగా చేసినా కథ ముగియదు. డిస్కులకు తమ సొంత ర్యామ్ ఉంటుంది. రాత అందులో చేరగానే పూర్తయిందని చెప్పేస్తాయి. దాన్ని ఖాళీ చేయించడానికి సాటాలో ఫ్లష్ క్యాష్, స్కజీలో సింక్రనైజ్ క్యాష్, ఎన్‌వీఎంఈలో ఫ్లష్ ఆదేశాలున్నాయి.

మ్యాక్‌ఓఎస్ ఇక్కడ వేరే దారి ఎంచుకుంది. దాని ఎఫ్‌సింక్ డేటాను డ్రైవ్‌కు అందజేసి ఊరుకుంటుంది, డ్రైవ్ క్యాష్‌ను ఖాళీ చేయించదు. అది కూడా కావాలంటే ఎఫ్_ఫుల్ఎఫ్‌సింక్ అనే ప్రత్యేక ఆదేశం వాడాలని ఆపిల్ మాన్యువల్ పేజీలోనే రాసి ఉంది. గో భాష తన లైబ్రరీలోని సింక్‌ను 1.12 నుంచి మ్యాక్‌లో ఈ ఆదేశానికి మార్చింది. లినక్స్‌లో ఈఎక్స్‌టీ3 కూడా చాలాకాలం బారియర్లను డిఫాల్ట్‌గా ఆపి ఉంచేదన్నది గుర్తుంచుకుంటే ఆపిల్‌ను ఒక్కదాన్నే అనడానికి లేదు.

పరికరం అబద్ధం ఆడితే ఏ కెర్నెల్‌కూ తెలియదు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం, హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు 2013లో 15 ఎస్‌ఎస్‌డీలకు పదేపదే కరెంటు తీసి చూస్తే 13 ఏదో ఒక రకంగా విఫలమయ్యాయి. రాసినట్టు చెప్పిన డేటా పోవడం వాటిలో ఒకటి. సర్వర్ల కోసం చేసే ఎస్‌ఎస్‌డీల్లో కరెంటు పోయాక క్యాష్‌ను ఫ్లాష్‌లోకి దించేంత శక్తి నిల్వచేసే కెపాసిటర్లు ఉంటాయి. అలాంటి పరికరం ఫ్లష్‌కు దాదాపు వెంటనే జవాబివ్వగలదు, అబద్ధం లేకుండానే.

వేగం ఖరీదు, డేటాబేసులు

నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్కులో ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. లాగ్ చివర ఒక రికార్డు రాసి, సింక్ చేసి, మళ్లీ దాని పక్కనే రాయాలంటే ఒక చుట్టు ఆగాలి. కాబట్టి ఒక్కొక్కటిగా చేస్తే సెకనుకు 120 లావాదేవీలు దాటడం కష్టం. అటువంటి డిస్కు మీద ఎవరి పరీక్షలోనైనా సెకనుకు వేల సింక్‌లు కనిపిస్తే, ఎక్కడో ఒక పొర ఫ్లష్‌ను మింగేసిందని అనుమానించాలి.

ఈ ఖరీదును డేటాబేసులు రకరకాలుగా తగ్గించుకుంటాయి. అనేక లావాదేవీలను ఒకే ఎఫ్‌సింక్‌తో ముగించే గ్రూప్ కమిట్ అందులో పాతది. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ డిఫాల్ట్‌గా ప్రతి కమిట్‌కూ లాగ్‌ను సింక్ చేస్తుంది. రెడిస్ తన అపెండ్ ఫైలుకు మూడు ఎంపికలిస్తుంది: ప్రతిసారీ, సెకనుకోసారి, కెర్నెల్ ఇష్టం. డిఫాల్ట్ సెకనుకోసారి, అంటే క్రాష్ అయితే సుమారు ఆఖరి సెకను రాతలు పోవచ్చన్న ఒప్పందం. టెస్టులు నడిపేటప్పుడు భద్రత అక్కర్లేదు కాబట్టి ఎఫ్‌సింక్‌ను ఉత్తుత్తి కాల్‌గా మార్చే లిబ్‌ఈట్‌మైడేటా అనే చిన్న లైబ్రరీ కూడా ఉంది. పేరులోనే దాని హెచ్చరిక.

నెట్‌వర్క్ ఫైల్ సిస్టముల్లోనూ ఇదే బేరం. ఎన్‌ఎఫ్‌ఎస్ రెండో వెర్షన్‌లో సర్వర్ ప్రతి రాతనూ శాశ్వతం చేశాకే జవాబివ్వాలి. 1995లో ప్రమాణమైన మూడో వెర్షన్ తాత్కాలిక రాతలను అనుమతించి, చివర్న కమిట్ అనే విడి అభ్యర్థన తెచ్చింది. మధ్యలో సర్వర్ రీస్టార్ట్ అయితే దాని జవాబుల్లోని వెరిఫయర్ సంఖ్య మారుతుంది. అది చూసి క్లయింట్ తన దగ్గరున్న డేటాను మళ్లీ పంపుతుంది.

సింక్ విఫలమైతే: 2018 నాటి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఉదంతం

ఎఫ్‌సింక్ లోపం చెబితే ఏం చేయాలి? మళ్లీ పిలవాలి అన్నది చాలామందికి తోచే జవాబు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కూడా ఇరవయ్యేళ్లు అదే చేసింది. 2018 మార్చిలో ఆ డేటాబేస్ డెవలపర్ క్రెయిగ్ రింగర్ ఆ నమ్మకం తప్పని బయటపెట్టారు.

నేపథ్యంలో రైట్‌బ్యాక్ జరుగుతుండగా డిస్కు రాతను తిరస్కరించిందనుకుందాం. లినక్స్ ఆ లోపాన్ని గుర్తుపెట్టుకుంటుంది కానీ, పేజీని ఇక డర్టీ కాదని ముద్ర వేస్తుంది. తర్వాతి ఎఫ్‌సింక్ లోపాన్ని చెబుతుంది, దాంతో కెర్నెల్ బాకీ తీరిపోతుంది. మళ్లీ ఎఫ్‌సింక్ పిలిస్తే రాయవలసిన డర్టీ పేజీ ఏదీ ఉండదు కాబట్టి విజయం అని వస్తుంది. డేటా మాత్రం డిస్కు మీద లేదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఆ రెండో జవాబును నమ్మి చెక్‌పాయింట్ (అప్పటిదాకా రాసిందంతా డిస్కుకు చేర్చే పని) పూర్తయిందనుకుని, కోలుకోవడానికి పనికొచ్చే పాత లాగ్‌ను వదిలేసేది.

కెర్నెల్ వారి వాదనలో పస లేకపోలేదు. ఎవరో పెన్‌డ్రైవ్ లాగేస్తే ఇక ఎప్పటికీ రాయలేని పేజీలను డర్టీగా ఉంచుకుంటూ పోతే మెమరీ నిండిపోతుంది. అయినా ఇది తప్పించుకోలేని నియమం కాదు: ఫ్రీబీఎస్‌డీలో రాత విఫలమైన పేజీ డర్టీగానే మిగులుతుంది.

లినక్స్ 4.13 నాటికే, అంటే 2017లో, జెఫ్ లేటన్ లోపాలను చేరవేసే పద్ధతిని మెరుగుపరిచారు. అంతకుముందు ఒకరు చూసిన లోపం మరొకరికి కనిపించేది కాదు. కొత్త పద్ధతిలో ఫైలును తెరిచి ఉంచిన ప్రతివారికీ ఒకసారి కబురు అందుతుంది. కానీ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో రాసే ప్రక్రియ ఒకటి, చెక్‌పాయింట్ వేళ ఫైలు తెరిచి సింక్ చేసే ప్రక్రియ మరొకటి. లోపం జరిగాక తెరిచినవారి మాటేమిటన్న ప్రశ్న మిగిలింది. ఇంకా ఎవరికీ చెప్పని లోపాన్ని తర్వాత తెరిచినవారికైనా చెప్పేలా కెర్నెల్‌ను తర్వాత సవరించారు.

డేటాబేస్ వైపు పరిష్కారం మొరటుదే. 2019 ఫిబ్రవరిలో వచ్చిన 11.2, దానితో పాటు వెలువడిన పాత శాఖల సవరణల నుంచి, డేటా ఫైలు ఎఫ్‌సింక్ విఫలమైతే సర్వర్ తనను తాను పడేసుకుని లాగ్ చదువుకుని మళ్లీ లేస్తుంది. పాత తీరు కావాలంటే డేటా_సింక్_రీట్రై అనే అమరిక ఉంది, డిఫాల్ట్‌గా ఆపి ఉంటుంది. మైఎస్‌క్యూఎల్, మోంగోడీబీ కింద ఉండే వైర్డ్‌టైగర్ కూడా ఇదే దారి పట్టాయి.

అలా పడి లేవడం కూడా సరిపోకపోవచ్చని 2020లో విస్కాన్సిన్–మాడిసన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ల మీద రెడిస్, ఎల్‌ఎమ్‌డీబీ, లెవెల్‌డీబీ, ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లకు కృత్రిమంగా ఎఫ్‌సింక్ లోపాలు కలిగిస్తే, ఐదింటిలో ఏదీ పూర్తిగా తట్టుకోలేదు. ఒక కారణం పేజీ క్యాష్. డిస్కుకు చేరని కొత్త డేటా ర్యామ్‌లో ఇంకా కనిపిస్తూ ఉంటుంది కాబట్టి, తిరిగి లేచిన ప్రోగ్రాము లేని డేటాను ఉన్నట్టు చదువుకోగలదు.

పరీక్ష, నిరూపణ

క్రాష్ తర్వాత సరిగ్గా కోలుకుంటుందా అన్నది చేత్తో పరీక్షించడం దాదాపు అసాధ్యం. ఏ రాత చేరింది, ఏది చేరలేదు అన్న కలయికలు లెక్కకు మిక్కిలి. విస్కాన్సిన్ బృందమే 2014లో ఆలిస్ అనే సాధనంతో 11 ప్రసిద్ధ అప్లికేషన్లను పరిశీలించి 60 బలహీనతలు పట్టింది. వాటిలో కొన్ని, ఫైల్ సిస్టమ్ ఇవ్వని క్రమాన్ని ఇస్తుందని నమ్మినవి.

ఫైల్ సిస్టములనే పరీక్షించే క్రాష్‌మంకీని టెక్సస్–ఆస్టిన్ విశ్వవిద్యాలయ బృందం వెలువరించింది. ఎఫ్‌సింక్ వంటి కాల్ ముగిసిన ప్రతిచోటా క్రాష్ జరిగినట్టు ఊహించి, సింక్ అయిన ఫైళ్లు నిజంగా ఉన్నాయో లేదో చూడడం దాని పద్ధతి. రెండు మూడు ఆపరేషన్ల చిన్న వరుసలే చాలు, లినక్స్ ఫైల్ సిస్టముల్లో 10 కొత్త లోపాలు బయటపడ్డాయి. ఎంఐటీలో గణిత నిరూపణతో నిర్మించిన ఎఫ్‌ఎస్‌సీక్యూలో కూడా ఒకటి దొరికింది. అక్కడ తప్పింది ఎఫ్‌డేటాసింక్; లోపం నిరూపించిన కోడ్‌లో కాదు, దాన్ని బయటి ప్రపంచంతో కలిపే హాస్కెల్–సీ అనుసంధానంలో వేగం కోసం చేర్చిన, నిరూపణ పరిధిలోకి రాని చిన్న మెరుగుదలలో ఉంది.